కొత్త డయల్‌కు పాత రంగు



ఈ రోజు ఒక చిన్న పనితనం గురించి మాట్లాడాలనుకుంటున్నాను. కొత్త చేతి గడియారం డయల్‌కు, నలభై యాభై ఏళ్లు ఎవరి మణికట్టు మీదో తిరిగిన గడియారానికి ఉండే రంగు తెప్పించడం ఎలా అన్నదే ఆ సంగతి. పాతదాన్ని కొత్తగా చేయించుకునేవాళ్లు ఉంటారు గానీ, కొత్తదాన్ని పాతగా చేయించుకోవడం ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. మన హైదరాబాద్‌లో ఈ రెండు కోరికలూ ఒకే బల్ల ముందుకు వస్తాయి. బషీర్‌బాగ్‌లో ఫతే మైదాన్ గడియార స్తంభం ఉంది కదా, 1903లో నవాబ్ జఫర్ జంగ్ కట్టించినది. అక్కడి నుంచి అటు అబిడ్స్ వైపు నడిచినా, ఇటు నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి వైపు వచ్చినా, ఏదో ఒక మెట్ల కింద, ఏదో ఒక దుకాణం అరుగు మీద, గాజు పెట్టె బల్ల ముందు కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్న మనిషి కనిపిస్తాడు. నేను చెప్పే విషయం ఆ బల్ల మీదిదే.

ముందు పాతదాన్ని కొత్తగా చేసే పని సంగతి చూద్దాం. మన ఇళ్లలో ఎక్కువగా ఉన్న పాత గడియారం హెచ్.ఎం.టి. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగళూరులో ఆ గడియారాల తయారీ మొదలైంది. జనతా, పైలట్, కాంచన్, సోనా, కోహినూర్ అనే పేర్లు ఒక తరానికి ఇంటి మనుషుల పేర్లంత దగ్గర. పదో తరగతి పాసైతే ఒకటి, పెళ్లికి ఒకటి. మన నగరంలో ఆల్విన్ సంస్థ కూడా సైకో సహకారంతో చేతి గడియారాలు తయారు చేసింది. హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వం నిర్ణయించాక, ఆ గడియారాలకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. గిరాకీ పెరిగిన చోట వేషాలు కూడా పుడతాయి. తాతగారి జనతాను రిపేరుకు తీసుకువెళితే, బల్ల వెనక మనిషి ఎంతో ప్రేమగా, “డయల్ నయా బనాదేతా సాబ్” అంటాడు, అంటే డయల్ కొత్తగా చేసిస్తానని. అతని ఉద్దేశం మంచిదే. కానీ ఆ పనిలో పాత డయల్ మీది రంగంతా గీకేసి, కొత్త రంగు కొట్టి, పేరు మళ్లీ అచ్చు వేస్తారు. తిరిగి వచ్చేసరికి అక్షరాలు కాస్త లావెక్కి ఉంటాయి, నిమిషాల గీతలు ముల్లు కొసకు సరిగ్గా అందవు. కంపెనీ ఎన్నడూ చేయని రంగుల్లో హెచ్.ఎం.టి. పైలట్లు బజారులో కనిపిస్తున్నాయంటే కారణం ఇదే. తాతగారి ముంజేయి చెమట, ఆయన తిరిగిన ఎండ నలభై ఏళ్లపాటు ఆ డయల్ మీద వేసిన రంగు, ఒక్క మధ్యాహ్నంలో తుడిచిపెట్టుకుపోతుంది. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం. దయచేసి పాత డయల్‌ను ముట్టుకోనివ్వకండి. మెషీన్ శుభ్రం చేయించండి, అద్దం మార్పించండి, బెల్టు కొత్తది వేయించండి. డయల్ మాత్రం అలాగే ఉండనివ్వండి.

పాత రంగు మీద మోజు ఉన్నవాళ్లు చేయదగిన పని ఇంకొకటి ఉంది. అది కొత్త డయల్ మీద చేసేది. అయితే, పాత డయల్ ఎందుకు అలా మారిందో తెలియకుండా కొత్తదాని మీద చేయి వేస్తే, వచ్చేది పాతదనం కాదు, మకిలి. కాబట్టి ఆ కారణాల దగ్గర కాసేపు ఆగుదాం.

డయల్ అంటే చాలా వరకు ఒక పలుచని ఇత్తడి బిళ్ల. అడుగున రెండు సన్నని కాళ్లు ఉంటాయి, అవి మెషీన్‌లోకి దిగి డయల్‌ను నిలబెడతాయి. బిళ్ల పైన వెండి పూతో, రంగో ఉంటుంది. దాని మీద అంకెలూ పేరూ అచ్చు వేస్తారు. అన్నిటికీ రక్షణగా పారదర్శకమైన లక్క పూత వేస్తారు. అంటే ఇత్తడి, వెండి, రంగు, లక్క. వీటిలో ప్రతి ఒక్కటీ తనదైన తీరులో ముసలిదవుతుంది. ఆ కాలపు లక్క పూతలు ఏళ్లు గడిచేకొద్దీ వాటంతట అవే పసుపు తిరుగుతాయి. అందుకే తెల్లగా ఉండిన డయల్ మీగడ రంగుకు, తరువాత దంతం రంగుకు వస్తుంది. వెండి పూత మీద లక్క ఎక్కడ పలచబడితే అక్కడ గాలిలోని గంధక సమ్మేళనాలు వెండిని పట్టుకుంటాయి. ముందు లేత బంగారు ఛాయ, ఆపైన గోధుమ, చివరకు నలుపు. తడి లోపలికి చేరితే రంగు పొక్కి, అడుగున ఇత్తడికి ఆకుపచ్చ చిలుము పడుతుంది.

ఆ తడి ఎక్కడి నుంచి వస్తుంది? కీ ఇచ్చే బొడిపె దగ్గర నుంచి, అద్దం అంచు నుంచి. అందుకని పాత డయల్‌ను జాగ్రత్తగా చూస్తే మచ్చలు మూడు అంకె వైపు, అంటే కీ దూరే వైపు, ఎక్కువగా ఉంటాయి. అంచు చుట్టూ రంగు చిక్కబడి, మధ్యకు వచ్చేసరికి పలచబడుతుంది. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ గ్రంథాలయానికి వెళ్లే శ్రోతలకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఒక పాత పుస్తకం తీసి తెరవండి. పేజీ నాలుగు అంచులూ గోధుమ రంగులో ఉండి, మధ్యలో అక్షరాలున్న చోట కాగితం ఇంకా తెల్లగానే ఉంటుంది. గాలీ వెలుతురూ అంచు నుంచే లోపలికి నడిచి వస్తాయి. డయల్ మీద కూడా వాటి నడక అదే.

నల్ల డయళ్ల కథ వేరు. 1950లు, 60లలో వేసిన కొన్ని నల్ల పూతలు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు నిలవలేకపోయాయి. ఏళ్ల తరబడి వెలుతురు తగిలి కాఫీ గింజ రంగుకు, కొన్ని ఇంకా లేతగా పొగాకు రంగుకు మారాయి. ఎండ దేశాలలో తిరిగిన గడియారాలలో ఇది ఎక్కువగా కనిపించడంతో సేకరించేవాళ్లు వాటిని ట్రాపికల్ డయళ్లు అన్నారు. కంపెనీ దృష్టిలో అది లోపం. వేలంపాటలో అదే విలువ. ఇలాంటి తమాషా దగ్గరి కాలంలో కూడా జరిగింది. రోలెక్స్ డేటోనా గడియారాలలో 1990ల మధ్యలో వచ్చిన కొన్నిటికి, చిన్న డయళ్ల చుట్టూ ఉన్న వెండి వలయాలు గోధుమ రంగుకు తిరిగాయి. రక్షణ కోసం వేసిన లక్క తన పని చేయకపోవడమే కారణం. ఈ మార్పును గుర్తించిన వేలం నిపుణుడు ఓస్వాల్డో పత్రిజ్జి పేరు మీదే ఇప్పుడు వాటిని పత్రిజ్జి డయళ్లు అంటారు. పాడైపోయిన పూతకు ఒక మనిషి పేరు దక్కింది.

చీకట్లో వెలిగే అంకెల గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఆ వెలుగు కోసం రేడియం వాడేవారు. అమెరికాలోని న్యూజెర్సీలో డయళ్లకు ఆ పూత వేసిన అమ్మాయిలు కుంచె కొస సన్నబడడానికి పెదవులతో తీర్చుకునేవారు. అలా నోట్లోకి వెళ్లిన రేడియం వాళ్ల ఎముకలను తినేసింది. వాళ్లలో కొందరు కోర్టుకు వెళ్లి పోరాడిన తరువాత, 1928లో రాజీ కుదిరింది. రేడియం శక్తి సగానికి తగ్గడానికి దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. వెలుగు మాత్రం చాలా ముందే ఆరిపోతుంది. రేడియంతో కలిపిన జింక్ సల్ఫైడ్ ఆ కిరణాల ధాటికే దెబ్బతిని, ముదురు గోధుమ రంగుకు మారుతుంది. మనం ఇష్టంగా చూసే ఆ పాత అంకెల రంగు వెనక ఉన్న సంగతి అది. అందుకే ఎక్కడైనా పాత విదేశీ గడియారం దొరికి, అంకెల మీద వెలుగు పూత పొడిపొడిగా ఉంటే, దాన్ని గోటితో గానీ కత్తితో గానీ గీకకండి, ఊదకండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. 1960లలో ట్రిటియం వాడుకలోకి వచ్చింది, దాని శక్తి పన్నెండేళ్ల చిల్లరలో సగమవుతుంది. 1990ల నుంచి వాడుతున్న పూతలకు రేడియోధార్మికత లేదు. అవి వెలుతురును తాగి చీకట్లో వదులుతాయి.

రేడియం గురించి ఇంకొక్క మాట. ముళ్లలో రేడియం ఉన్న గడియారం సొరుగులో ఆగిపోయి కొన్ని దశాబ్దాలు పడి ఉంటే, ముళ్లు ఆగిన చోట డయల్ మీద వాటి నీడ కాలినట్టుగా అచ్చు పడుతుంది. గడియారాన్ని మళ్లీ నడిపించినా, అది ఏ గంటకు ఆగిందో ఆ గోధుమ నీడ చెబుతూనే ఉంటుంది. ఇలాంటి గుర్తును ఎవరైనా కుంచెతో వేయబోతే నాకు నచ్చదు. కొన్నిటిని కాలానికే వదిలేయాలి.

ఇప్పుడు పెద్ద కంపెనీలే ఈ పాత రూపం కోసం పని చేస్తున్నాయి. కొత్త వెలుగు పూతకే మీగడ రంగు, గోధుమ రంగు కలిపి అంకెల మీద వేస్తున్నాయి. లాంజీన్ కంపెనీ 2018లో, రెండో ప్రపంచ యుద్ధ కాలంనాటి బ్రిటిష్ వైమానిక దళపు గడియారం ఆధారంగా హెరిటేజ్ మిలిటరీ అనే నమూనా తెచ్చింది. దాని వెండి డయల్ మీద సన్నని నల్ల చుక్కలను చేత్తో చల్లారు. ఒక డయల్ లాగా ఇంకొకటి ఉండదు. దీన్ని మోసమనేవాళ్లు ఉన్నారు. నేను అలా అనుకోను. ఆ గడియారాన్ని పాతదని చెప్పి ఎవరికీ అమ్మలేదు.

ఈ విద్య మన దక్కనుకు కొత్తదని కూడా నేను ఒప్పుకోను. లోహానికి కావాలని రంగు తెప్పించే పనిని మనవాళ్లు కొన్ని వందల ఏళ్లుగా చేస్తున్నారు. బిద్రీ పని చూడండి. బీదరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. పాత్ర పోత పోయడానికి ఎక్కువ పాళ్లు జింకు, కొంచెం రాగి కలుపుతారు. దాని మీద చెక్కిన గాళ్లలో వెండి తీగ పొదుగుతారు. అప్పటికి పాత్రంతా ఒకే బూడిద తెలుపు, వెండి ఎక్కడుందో కంటికి ఆనదు. ఆ తరువాత బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి, ఆ ద్రవాన్ని వేడి చేసి పాత్రకు పట్టిస్తారు. జింకు మిశ్రమం కాటుక నలుపుకు తిరుగుతుంది. వెండి చెక్కు చెదరదు. చివర నూనె రాస్తే ఆ నలుపు ఇంకా లోతవుతుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆ హుక్కా కుండల ముందు నిలబడి చూడండి. ఏది మారాలో ఏది మారకూడదో పనివాడు ముందే నిర్ణయించుకున్నాడు. మారవలసినదాన్ని మాత్రమే తాకే మందును వెతికి పట్టుకున్నాడు. డయల్ పనిలో కూడా మొదటి నిర్ణయం అదే. అడుగు రంగు మారాలి, అంకెల అచ్చు నిలబడాలి.

ఇక పనిలోకి వద్దాం. మొట్టమొదట ఒక చవక గడియారం, లేదా విడిగా దొరికే పనికిరాని డయల్ ఒకటి తీసుకోండి. ముళ్లు, డయల్ విప్పడం చేత కాకపోతే రిపేరు బల్ల దగ్గర విప్పించండి. మెషీన్ మీద డయల్ ఉండగానే ఎప్పుడూ ఏ పనీ చేయవద్దు. తడీ ఆవిరీ తగిలితే మెషీన్‌లోని ఉక్కు తుప్పు పడుతుంది.

విప్పిన డయల్‌ను భూతద్దంతో చూసి పైన లక్క ఉందా లేదా కనుక్కోండి. మెరుపు ఒకే తీరుగా, అద్దంలా ఉంటే లక్క ఉన్నట్టే. ప్రయోగం ఎక్కడ చేసి చూడాలో కూడా చెబుతాను. డయల్ చుట్టూ చివరి అంచు, ఒక సన్నని గీత మేర, కేసు కింద దాగి ఉంటుంది. ముందు అక్కడ ఒక చుక్క వేసి చూడండి. పాడైనా ఎవరికీ కనిపించదు.

మెరుపు లేని తెల్ల డయల్ అయితే తేయాకు డికాక్షన్ చాలు. పాలూ పంచదారా లేకుండా చిక్కగా కాచి, వడకట్టి, పూర్తిగా చల్లారనివ్వాలి. మెత్తని కుంచెతో చాలా పలచగా ఒక పూత వేయండి, ఆరనివ్వండి, మళ్లీ ఒకటి. తడిసినప్పుడు రంగు ముదురుగా కనిపించి, ఆరాక తేలిపోతుంది. అందుకే తొందరపడి ఇంకా ఇంకా వేసేస్తారు. ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య ఒక రాత్రి గడవనిస్తే కన్ను మోసపోదు.

వెండి పూత ఉండి, లక్క లేని డయల్‌కు కోడిగుడ్డు పనిచేస్తుంది. బాగా ఉడికించిన గుడ్డును రెండు ముక్కలు చేసి, మూత ఉన్న గాజు సీసాలో పెట్టండి. డయల్ గుడ్డుకు తగలకుండా అదే సీసాలో విడిగా ఉండాలి. ఉడికిన గుడ్డు నుంచి వచ్చే గంధకపు వాయువు వెండిని నెమ్మదిగా పట్టుకుంటుంది. కొద్ది నిమిషాలకు ఒకసారి చూస్తుండాలి. లేత బంగారు ఛాయ రాగానే తీసేయండి, ఆపైన అది పరుగెత్తుతుంది. తీసిన డయల్‌ను ఒకటి రెండు రోజులు గాలికి ఉంచాకే మెషీన్ మీద బిగించాలి.

లక్క ఉన్న డయల్‌ను థిన్నర్‌తో తుడవాలని చూస్తే అంకెలు కూడా లేచిపోతాయి. దానికి నేను నమ్మే మార్గం రంగు లక్క. మెరుపు రాని పారదర్శక లక్కలో తేనె రంగు చుక్క ఒకటి కలిపి, బాగా పలచన చేసి, దూరం నుంచి మంచు పడినట్టు చల్లడం. మధ్యలో రంగు పలచగా, అంచున చిక్కగా రావాలంటే, డయల్ కన్నా చిన్న గుండ్రని కాగితం ముక్కను డయల్‌కు ఆనకుండా కొంచెం పైన పట్టి చల్లాలి. కాగితం ఆనిందంటే గీత గీసినట్టు అంచు పడుతుంది. ఎత్తుగా పట్టుకుంటే నీడలాగా కరిగిపోతుంది. ఈ ఒక్క మెలకువ చేతికి రావడానికి చాలా డయళ్లు పోతాయి, పోనివ్వండి.

మే నెల ఎండలో డాబా మీద పెడితే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. మన ఎండ మీద నమ్మకం ఉండడం సహజమే. కానీ ఇప్పటి రంగులు ఎండకు నిలిచేలా తయారు చేసినవి, అవి అంత తేలిగ్గా లొంగవు. పొయ్యి మీదా ఓవెన్‌లోనూ వేడి చేస్తే రంగు పొక్కుతుంది, అచ్చు అక్షరాలు వంకర పోతాయి. అలాంటి డయల్ పాతదిగా కాదు, కాలినదిగా కనిపిస్తుంది.

చూసీచూడగానే నకిలీ అనిపించే డయళ్లలో నాకు ఎక్కువగా కనిపించే తప్పు గీతలు. గరుకు కాగితంతో రుద్దేస్తారు. డయల్ అద్దం కింద బతికే వస్తువు కదా, దాని మీద గీతలు ఎవరు గీస్తారు? గీతలు కేసు మీద, అద్దం మీద ఉండాలి. డయల్ మీద ఉండగలిగితే మధ్య రంధ్రం చుట్టూ మాత్రమే ఉండాలి. రిపేరుకు ముళ్లు ఊడదీసినప్పుడల్లా పనిముట్టు ఆనేది అక్కడే. రెండో తప్పు, మచ్చలను సమానంగా చల్లడం. తడి కీ వైపు నుంచి వచ్చిందని అనుకున్నాం కదా, మచ్చ కూడా అటే ఒక పాలు ఎక్కువ ఉండాలి. తేదీ కనిపించే కిటికీ ఉంటే ఆ తేదీ చక్రాన్ని ముట్టుకోకండి. అది డయల్ చాటున ఉండి వెలుతురు తగలనిది, దానికి అంత రంగు ఉండదు.

వెలుగు పూతకు పాత రంగు కావాలంటే కొత్త పూత పొడిలో కొంచెం పసుపు మట్టి రంగు, అతి కొంచెం గోధుమ రంగు కలపాలి. రంగు ఎక్కువైనకొద్దీ వెలుగు తగ్గుతుంది, దానికి సిద్ధపడాలి. ముళ్లలో రంగు, డయల్ మీద రంగు అచ్చంగా ఒకటే కానవసరం లేదు. పాత గడియారాలలో కూడా ముళ్లు ఒక చోట, డయల్ ఇంకో చోట తయారై, రెండూ వేరువేరుగా ముదిరినవి ఎన్నో ఉన్నాయి. కానీ ముళ్లు తళతళలాడుతూ డయల్ మాత్రం ముసలిదైతే, చూసేవాళ్ల కన్ను అక్కడే ఆగిపోతుంది.

ఎంత రంగు చాలు అని కూడా చాలామంది అడుగుతారు. డయల్‌ను కేసులో పెట్టి, అద్దం బిగించి, చేయి చాచినంత దూరం నుంచి చూడండి. ఏదో ఒక వెచ్చదనం ఉంది, ఎక్కడుందో తెలియడం లేదు అనిపిస్తే అక్కడితో ఆపండి. మచ్చ ముందు కనిపించి అంకె తరువాత కనిపిస్తే హద్దు దాటినట్టే. నా మట్టుకు నాకు, గడియారం మొదట వేళ చెప్పాలి. ఆ తరువాతే దాని వయసు.

పని ముగిసి అన్నీ బిగించే ముందు ఇంకొక్క పని ఉంది. గడియారం రిపేరు చేసేవాళ్లకు ఒక పాత అలవాటు ఉంది. వెనక మూత లోపలి వైపు సన్నని సూదితో తమ గుర్తూ, పని చేసిన తేదీ గీస్తారు. తరువాత విప్పిన మనిషికి ఈ గడియారం ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా వెళ్లిందో తెలుస్తుంది. మీరు రంగు మార్చిన డయల్‌ను తిప్పి, వెనక ఇత్తడి మీద అలాగే గీయండి. ఫలానా సంవత్సరంలో ఈ రంగు వేయబడిందని రెండు ముక్కలు, పక్కన మీ పొడి అక్షరాలు. మీరు అమ్మినా, మనవడికి ఇచ్చినా, ఆ గీత దానితోపాటే వెళుతుంది. అరవై ఏళ్ల తరువాత ఏ బల్ల ముందో ఒక మనిషి దాన్ని విప్పి, కాలం వేసిన రంగు ఎంత, మీరు వేసిన రంగు ఎంత అని లెక్క కట్టుకోవడానికి ఆ తేదీ కావాలి.